పిచ్చికుక్క లేని వార్డు

"దాజీ పేట్ వార్డు ఈ రోజు నుంచి పిచ్చికుక్క లేని వార్డు" అని మా కార్పొరేటర్ గోవర్ధన్ సేఠ్ గారు ఆదివారం పొద్దున పది గంటలకు మైకులో ప్రకటించారు. సోమవారం పొద్దున ఏడు గంటలకు ఆయన కుక్క నరసయ్యను కరిచింది.

మధ్యలో గడిచిన ఇరవై ఒక్క గంటలూ మా వార్డులో ఏ ఇబ్బందీ లేదు. షోలాపూర్ మొత్తంలో ఇంకే వార్డూ ఒక్క గంటైనా ఇలా గడిపినట్టు రుజువు లేదు. ఎనభై ఆరు వేసవిలో జరిగిన ఈ విజయం గురించి పత్రికలవాళ్ళు ఒక్క ముక్కా రాయలేదు. అందుకే నేను రాస్తున్నాను.

నేను దాజీ పేట్ వాచనాలయంలో గుమస్తాను. చౌక్‌లో ఉన్న నల్లబల్ల మీద రోజూ పొద్దున్నే పెళ్ళిళ్ళు, చావులు, నూలు ధర, నల్లా నీళ్ళు వచ్చే వేళ తెలుగులోనూ మరాఠీలోనూ రాసేది నేనే. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని సేఠ్ గారు రెండు సభల్లో అన్నారు. ఆయన మెచ్చుకున్నవాళ్ళ జాబితాలో నేనూ, ఆయన కుక్క మేజరూ పక్కపక్కన ఉంటాం.

మేజర్ అల్సేషియన్. పిచ్చికుక్క లేని వార్డు పథకంలో మొదటి టీకా సర్టిఫికెట్ దానికే దక్కింది. కుంఠా నాకా దగ్గర ప్రైవేటుగా పశువుల దవాఖాన నడిపే డాక్టర్ మురళీధర్ గారు వేదిక మీదే సంతకం చేసి ఇచ్చారు. ఫొటో తీసేవాడు తొందరపెట్టడం వల్ల సర్టిఫికెట్ ముందు ఇచ్చి సూది తర్వాత వేద్దామనుకున్నారు. సర్టిఫికెట్‌కు అద్దం కట్టించి సేఠ్ గారి హాల్లో వేలాడదీశారు. సూది సంగతి ఆ సంబరంలో ఎవరికీ గుర్తు రాలేదు.

ఇక నరసయ్య. దాజీ పేట్‌లో అందరూ పవర్‌లూమ్‌ల వెంట పడ్డాక కూడా ఇంట్లో గుంటమగ్గం ఉంచుకున్న నలుగురైదుగురిలో ఒకడు. షోలాపూర్ ఎండ తెలిసినవాళ్ళకు మగ్గం గుంట విలువ చెప్పనక్కర్లేదు. పేట మొత్తంలో ఏప్రిల్ నెలలో చల్లగా ఉండే చోటు అదొక్కటే. ఆ పొద్దున మేజర్ గొలుసు తెంపుకుని బయటపడి, నరసయ్య భార్య ద్రౌపది నీళ్ళకు నల్లా దగ్గరికి పోతూ దగ్గరగా వేసిన తలుపు తోసుకుని, ఆ గుంటలో దిగి పడుకుంది. నరసయ్య వచ్చి కూర్చుని, రోజూ చేసినట్టే రెండు కాళ్ళూ గుంటలోకి వదిలాడు. కుడి పిక్క మీద నాలుగు గాట్లు పడ్డాయి.

పెద్ద దవాఖానలో పుండు కడిగి కట్టు కట్టారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, రోజుకొకటి వేయాల్సి ఉంటుందన్నారు. కానీ సూదులు తక్కువగా ఉన్నాయి, కరిచింది తెలిసిన కుక్క, దాన్ని చూసే డాక్టరూ ఉన్నాడు కాబట్టి, కుక్క మీద అనుమానం ఉందని ఆయన ఒక చిట్ఠీ రాసిస్తే ఆ రోజే మొదలుపెడతామన్నారు. ఒక్క వాక్యం చిట్ఠీ. నరసయ్య బతుకు ఆ వాక్యం మీద ఉంది. మన డాక్టర్ గారి గొప్పతనం కూడా అక్కడే బయటపడింది.

మామూలు డాక్టరయితే రాసి పారేసేవాడు. మురళీధర్ గారు బొంబాయిలో ప్రొఫెషనల్ ఎథిక్స్ మీద మూడు రోజుల సెమినార్‌కు వెళ్ళొచ్చిన మనిషి. నరసయ్య దంపతులు ఆయన దవాఖానకు వెళ్ళినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. లోపలి గదిలో, పట్టుకొచ్చి కట్టేసిన మేజర్ నోటి నిండా చొంగతో నీళ్ళ గిన్నెను చూసి వణుకుతోంది. డాక్టర్ గారు ఆ తలుపు మూసి వచ్చి కూర్చున్నారు.

"కుక్కకు పిచ్చి ఉన్నదా లేదా, గదొక్క ముక్క చెప్పుండ్రి డాక్టర్ సాబ్" అంది ద్రౌపది.

"చెప్పొచ్చమ్మా. కానీ మేజర్ నా పేషెంట్. సేఠ్ గారు నా క్లయింట్. పేషెంట్ సంగతి క్లయింట్ పర్మిషన్ లేకుండ బయట చెప్తే అన్‌ఎథికల్ అయితది."

"మరి మేమెవరం?"

డాక్టర్ గారు పేషెంట్ల రిజిస్టర్ ఒకటి, క్లయింట్ల రిజిస్టర్ ఒకటి తీసి ఓపికగా తిరగేశారు. "మీ పేరు రెండిట్లో లేదు" అన్నారు.

అయితే తన పేరు కూడా రాసుకోమని నరసయ్య అడిగాడు. ఒకే కుక్కకు ఇద్దరు క్లయింట్లుంటే కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్ అని డాక్టర్ గారు విడమరచి చెప్పారు. సొంతంగా ఏదైనా జంతువు ఉందా అని అడిగారు. మేక ఉందని ద్రౌపది చెప్పింది. మేక గురించి ఎన్ని ప్రశ్నలైనా అడగవచ్చన్నారు. ఆమె అడగలేదు. అంత మంచి అవకాశాన్ని ఆమె ఎందుకు వదులుకుందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

సంగతి సేఠ్ గారి దాకా వెళ్ళింది. ఎన్నికలు రెండు నెలల్లో ఉన్నాయి. ఇంకొకరైతే డాక్టర్‌ను పిలిచి నోరు మూసుకొమ్మనేవారు. ఆయన ప్రజాస్వామ్యవాది కాబట్టి కమిటీ వేశారు. పేరు నైతిక సంకట పరిశీలన సమితి. అధ్యక్షులు సేఠ్ గారు. సభ్యులు డాక్టర్ గారు, సేఠ్ గారి బావమరిదీ నూలు వ్యాపారీ అయిన రామచంద్రం గారు, మహిళా మండలి నుంచి శారదాబాయి. కార్యదర్శి నేను. ఆదివారం వేదిక మీద మేజర్ ముద్దుగా చేతులు నాకింది కూడా మా అయిదుగురివే. కుక్క తరఫున ఇంతమందిమి ఉన్నాక నరసయ్య తరఫున ఒకరిని వేస్తే పక్షపాతమనే మాట వస్తుందని వేయలేదు.

మొదటి సమావేశంలోనే సమితి అసలు ప్రశ్న పట్టుకుంది. ఆ సమయంలో గుంటలో ముందుగా ఉన్నదెవరు? మేజర్. తర్వాత ప్రవేశించినదెవరు? నరసయ్య కాళ్ళు. ఆయన్ను పిలిపించారు.

"కాళ్ళు పెట్టేముందు లోపల చూసినవా?" అని సేఠ్ గారు మెల్లగా అడిగారు.

"నలభై ఏండ్ల సంది నేస్తున్న సేఠ్. ఎవడన్న గుంటల చూస్కుంట కాళ్ళు పెడ్తడా?"

చూడలేదని సాక్షి ఒప్పుకున్నట్టు రాసుకున్నాను. నిద్రపోతున్న పేషెంట్ మీద అనుమతి లేకుండా కాళ్ళు వేసినా మేజర్ కోర్టుకు పోలేదని, అది దాని సంస్కారమని రామచంద్రం గారు అన్నారు. శారదాబాయి కళ్ళు తుడుచుకుంది.

కరిచిన కుక్కను పది రోజులు చూడాలి, పది రోజులూ బతికి ఉంటే భయం లేదు అనేది డాక్టర్లందరూ చెప్పే మాట. సమితి అలాగే తీర్మానించింది. రోజూ మేజర్ ఆరోగ్యం గురించి నల్లబల్ల మీద రాసే బాధ్యత నాకు అప్పగించారు. నూలు ధర కిందికి జరిపి పైన చోటు చేశాను. మొదటి రోజు: మేజర్ కులాసా. రెండో రోజు: మేజర్ కులాసా, నీళ్ళు ఇష్టం లేదు. మూడో రోజు: మేజర్ విశ్రాంతి తీసుకుంటోంది.

నాలుగో రోజు పొద్దున పశువుల దవాఖాన వెనక కొత్తగా తవ్విన మట్టి కనిపించింది. డాక్టర్ గారిని అడిగితే తోట వేస్తున్నానన్నారు. మధ్యాహ్నం సేఠ్ గారి అంబాసిడర్‌లో పూనా నుంచి ఒక అల్సేషియన్ దిగింది. దాన్ని మేజర్ అని పిలిచాం. పలకలేదు. తన గురించి తాను గొప్పలు చెప్పుకోని స్వభావం అనుకున్నాం. అయిదో రోజు తూస్తే తొమ్మిది కిలోలు తగ్గింది. డైటింగ్ అని రాయమన్నారు, రాశాను. ఆరో రోజు కడిగేటప్పుడు అది ఆడకుక్క అని తేలింది. ఏం రాయాలని అడిగాను. పేషెంట్ ఆడా మగా అన్నది పూర్తిగా కాన్ఫిడెన్షియల్ అని డాక్టర్ గారు చెప్పారు. మేజర్ కులాసా అని రాశాను. అది మాత్రం అబద్ధం కాదు, నిజంగానే కులాసాగా ఉంది.

ఆ నాలుగో రోజు నుంచే సమితి అధ్యయన యాత్రలు కూడా మొదలయ్యాయి. రోజూ పొద్దున ఏడింటికి అయిదుగురం అంబాసిడర్‌లో ఎక్కి వెళ్ళి తొమ్మిదింటికి తిరిగొచ్చేవాళ్ళం. ఎక్కడికన్నది సమితి రహస్యం. తిరిగొచ్చేటప్పుడు అందరం చిన్నగా, కాస్త ముందుకు వంగి నడిచేవాళ్ళం. బాధ్యత అలాంటిది.

నరసయ్య నేస్తూనే ఉన్నాడు. నేసిన బట్ట చుట్టుకునే కర్ర పొట్టకు ఆనుకుని ఉంటుంది కాబట్టి, సూదులు పడితే పద్నాలుగు రోజులు మగ్గం మీద కూర్చోలేడు. అయినా పడాలనే ఆయన కోరిక. ద్రౌపది పక్కన కూర్చుని బీడీలు చుట్టేది. గంటకోసారి లేచి గ్లాసుతో నీళ్ళు తెచ్చి, ఆయన తాగి గ్లాసు తిరిగి ఇచ్చేదాకా ఆయన గొంతు వైపే చూస్తూ నిలబడేది. ఒకసారి ఆయన దాహం లేదన్నాడు. ఆమె గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. తర్వాత ఆయన రెండు గ్లాసులు తాగి చూపించాడు.

ఎనిమిదో రోజు నేను బల్ల మీద రాస్తుంటే ఆమె వెనక వచ్చి నిలబడింది.

"తమ్మీ, గది నువ్వు రాస్తున్నవ్. నువ్వు నమ్ముతున్నవా?"

రాసేవాడు నమ్మాలన్న నియమం ఎక్కడా లేదని చెప్పాను. ఆమె ఇంటి వైపు వెళ్ళిపోయింది. ఎందుకో నాకు భయం వేసింది, సిగ్గు కూడా వేసింది. కార్యదర్శిగా ఉన్నవాడికి ఇవి తగవని సర్దుకున్నాను.

పదో రోజు సాయంత్రం చౌక్‌లో సత్కార సభ. మేజర్‌కు షోలాపూర్ చాదర్, నరసయ్యకు టవలూ కొబ్బరికాయా. మగ్గాలు ఆపి పేట పేటంతా వచ్చింది. వేదిక మీద కుర్చీలు వేసినా సమితి సభ్యులం నిలబడే ఉన్నాం. ప్రజల ముందు కూర్చోవడం అహంకారమని సేఠ్ గారు అన్నారు. దండలు కూడా బరువైనవి వద్దని చేతికి పూలిచ్చారు.

డాక్టర్ గారు నివేదిక చదివారు. వృత్తిధర్మానికీ ప్రజాక్షేమానికీ పోటీ వచ్చినప్పుడు రెండిటినీ గౌరవించాలి, దానికి ఉత్తమ మార్గం ఏమీ చేయకపోవడం అని తేల్చారు. కుక్క పది రోజులూ బతికే ఉంది, నరసయ్యకు సూది అవసరం లేదు, చిట్ఠీ రాయనవసరం లేదు అన్నారు. చప్పట్లు మోగాయి. పిచ్చికుక్క లేని వార్డు అలాగే నిలిచిందని సేఠ్ గారు ప్రకటించి, నరసయ్య దంపతులను పైకి పిలిచారు.

నరసయ్య ఎక్కాడు. వెనకాలే ద్రౌపది ఎక్కింది. రామచంద్రం గారు కొబ్బరికాయ చాపారు, ఎవరూ తీసుకోలేదు. ఆమె నేరుగా డాక్టర్ గారి ముందుకు వెళ్ళి నిలబడింది. మైకు దగ్గరగా ఉండటం వల్ల ఆమె మాట చౌక్ చివరిదాకా వినిపించింది.

"డాక్టర్ సాబ్, పొద్దుగాల మీరంత కార్ల తిరిగొచ్చినంక పెద్ద దవాఖాన్లకు పోయిన. సూదులు లెవ్వంట. దాజీ పేట్‌కెళ్ళి అయిదుగురు మీ చిట్ఠీ మీదనే రోజు వచ్చి ఏస్కుంటున్నరంట, ఇంక మిగిలినయి గూడ వాళ్ళకే తీసిపెట్టిండ్రంట. ఆ అయిదుగురి పేర్లు సిస్టర్ చెప్పలే."

ఆమె డాక్టర్ గారి పొట్ట వైపు వేలు చూపించింది.

"మీరు జర అంగీ మీదికి ఎత్తుండ్రి."

డాక్టర్ గారు ఎత్తలేదు. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకున్నారు. సేఠ్ గారు లాల్చీ మోకాళ్ళ దాకా లాక్కున్నారు. రామచంద్రం గారు కొబ్బరికాయను పొట్టకు అడ్డం పెట్టుకున్నారు. శారదాబాయి కొంగు నడుము చుట్టూ తిప్పి బిగించుకుంది. ద్రౌపది ఒక్కొక్కరి వైపూ చూస్తూ వేళ్ళు ముడిచింది. నాలుగయ్యాయి. అయిదో వేలు అలాగే ఎత్తి పట్టుకుని మైకు వైపు తిరిగింది.

అప్పటికే నేను చొక్కా ప్యాంటులోకి దోపుకుంటున్నాను.