మునగని పడవ

"ఇకమీదట మన దీవిలో రక్షణ పడవ మునిగే ప్రసక్తే లేదు" అని మంత్రిగారు ప్రకటించగానే మైకు పులకించిపోయి కుయ్యిమంది. మైకు సెట్టు నాదే కాబట్టి చెబుతున్నాను.

పాతికేళ్ళ కిందట తుఫానులో చిక్కుకున్న ఓడవాళ్ళని కాపాడటానికి మా రక్షణ పడవ వెళ్ళింది. అందులో వెళ్ళిన ఏడుగురిలో ఒక్కరూ తిరిగి రాలేదు. దానిమీద వేసిన విచారణ సంఘం పాతికేళ్ళూ ఊరికే కూర్చోలేదు. పడవ మునగడానికి కారణం అది నీళ్ళలో ఉండటమేనని తేల్చింది. అందుకని కొత్త పడవని రేవు గట్టున సిమెంటు దిమ్మ మీద నిలబెట్టారు. పడవకి పడవ, స్మారక చిహ్నానికి స్మారక చిహ్నం. ఇలాంటి ఆలోచన మామూలు బుర్రలకి తట్టదు.

ఆనాటి పడవ నడిపిన సరంగు భార్యకి మాత్రం ఇది బుర్రకెక్కలేదు. జ్ఞాపిక అందిస్తుంటే మంత్రిగారినే అడిగేసింది.

"బాబూ, దాన్ని నీళ్ళలోకి దించరా? మావాడు పొద్దున్నే వేటకెళ్ళాడు. గాలి చూస్తే భయంగా ఉంది."

"నీళ్ళలో పెడితే తుప్పు పడుతుందమ్మా," అన్నారు మంత్రిగారు ఎంతో ఓర్పుగా. "మీ ఆయన త్యాగానికి తుప్పు పట్టనిస్తామా?"

జనం చప్పట్లు కొట్టారు. ఆవిడ కొట్టలేదు. చేతిలో జ్ఞాపిక ఉంది కదా.

ఉపన్యాసం సగంలో ఉండగా గాలి టెంటు ఎత్తుకుపోయింది. లైట్‌హౌస్ కాపలాదారు పరుగున వచ్చాడు. సరంగు కొడుకు పడవ బోల్తా పడిందట, దాన్ని పట్టుకుని ముగ్గురు వేలాడుతున్నారట. జనం కొత్త పడవ మీదికి ఉరికారు.

"ఆగండాగండి, రిబ్బను కత్తిరించలేదు," అని ఆఫీసరుగారు అడ్డుపడ్డారు. మంత్రిగారు పెద్దమనసుతో అక్కడికక్కడే కత్తిరించారు. జనమంతా భుజాలు ఆనించి తోశారు. పడవ ససేమిరా అంది.

"కదలదు," అన్నాడు ఇంజనీరు గర్వంగా. "అడుగున కాంక్రీటు పోశాం. ఎంత తుఫానొచ్చినా కదలదు, గ్యారంటీ."

"ఇంజను స్టార్ట్ చేసి చూడవయ్యా," అన్నారు మంత్రిగారు.

"లోపల పిట్టలు గూళ్ళు పెడతాయని ఇంజను తీయించేశాం సార్."

"మీ కాళ్ళు పట్టుకుంటాను, ఏదో ఒకటి చేయండి బాబూ," అంది సరంగు భార్య. "నాకున్నది వాడొక్కడే."

మంత్రిగారు ఏదో ఒకటి చేసేలోపల నలుగురు ముసలాళ్ళు తమ తెడ్ల పడవ వేసుకుని బయల్దేరారు. లైఫ్ జాకెట్లు అడిగితే అవి అద్దాల పెట్టెలో ఉన్నాయనీ, తాళంచెవి రాజధానిలో ఉందనీ ఆఫీసరుగారు ఎంతో మర్యాదగా చెప్పారు.

వాళ్ళు అలల్లో కనుమరుగయ్యాక చేసే పనేమీ లేదు కాబట్టి మంత్రిగారు శిలాఫలకం మీది తెర లాగేశారు. పైన ఏడు పేర్లున్నాయి. కింద సగం రాయి మనిషెత్తున నున్నగా, ఖాళీగా ఉంది.

"ఇదేమిటయ్యా, ఇంత ఖాళీ?"

"ముందుచూపు సార్," అన్నాడు ఇంజనీరు. "మాటిమాటికీ కొత్త రాయి చెక్కించడం దేనికని."

మంత్రిగారు అతని భుజం తట్టి ఫొటోగ్రాఫర్ని పిలిచారు.

సరంగు భార్య వెళ్ళి ఆ ఖాళీకి వీపు ఆనించి నిలబడింది. కళ్ళు సముద్రం మీదే ఉన్నాయి.

"పేర్లు కనపడాలి, కాస్త పక్కకి జరగండమ్మా," అని ఆఫీసరుగారు రెండుసార్లు చెప్పారు.

పేర్లు బాగానే కనపడుతున్నాయి. ఆవిడ జరగలేదు.