రోడ్డు లేని దారికి మొదటి బహుమతి

ఒక ప్రాంతం ఎంత అభివృద్ధి చెందిందో చెప్పడానికి అక్కడి రోడ్లు లెక్కపెట్టడం పాతకాలపు పద్ధతి. రోడ్డు లేనిచోట పడుతూ లేస్తూ పరుగెత్తడానికి పట్నం నుంచి రుసుము కట్టి మరీ జనం వస్తున్నారంటే, ఆ ప్రాంతం అభివృద్ధిలో చివరి మెట్టు ఎక్కినట్టు. ఈ లెక్కన ఇబ్రహీంపట్నం పక్కనున్న చిన్నబండగూడ కిందటి చలికాలంలో ఆ మెట్టు ఎక్కేసింది. (ఎక్కిన సంగతి గూడవాళ్లకు అందరికంటే చివర్న తెలిసింది. అభివృద్ధిలో ఇది మామూలే.)

ఎక్కించిన ఘనత దారుల పర్యవేక్షణ మండలిది. గూడ నుంచి పెద్ద రోడ్డు దాకా ఉన్న తొవ్వకు తారు వేయమని శ్రీపాల్ పదకొండేళ్లుగా ఆ మండలికి అర్జీలు పెడుతున్నాడు. అతను శేరిగూడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అటెండరు. రోజూ ఆ తొవ్వనే సైకిల్ మీద పోయి వస్తాడు. అర్జీ అందిన ప్రతిసారీ మండలిలోని ఉప దారుల అధికారి రాంచంద్ర గారు స్వయంగా తనిఖీ జరిపి, 'మార్గము సాఫీగా ఉన్నది. వాహనములు సుఖముగా తిరుగుచున్నవి' అని జవాబు పంపేవారు. (తనిఖీ పెద్ద రోడ్డు మీద, జీపు దిగకుండా జరిగేది. ఆ తొవ్వలో దిగితే బూట్లు పాడవుతాయి.)

ఇంతలో మండలికి ఆఫ్‌రోడ్ ట్రయాథ్లాన్ జరపాలన్న ఆలోచన వచ్చింది. చెరువులో ఈత, రాళ్లదారిలో సైకిల్, గుట్ట మీద పరుగు. మూడూ ఒకదాని వెంట ఒకటి, ఇద్దరిద్దరు జట్టుగా. దానికి జిల్లాలోకెల్లా పనికిమాలిన దారి కావాలి. రాంచంద్ర గారికి వెతకాల్సిన పని పడలేదు. 'చిన్నబండగూడ మార్గములో ఎడ్లబండి సైతము పోజాలదు. మిక్కిలి యోగ్యము' అని రాసి సంతకం పెట్టారు. అదే తొవ్వ, అదే సంతకం, అదే ఆకుపచ్చ సిరా.

గెలిచిన జట్టు ఊరికి తారు రోడ్డు బహుమతి అని కూడా ప్రకటించారు. పట్నం జట్లే గెలుస్తాయని, వాళ్లకు రోడ్లు ఉండనే ఉంటాయని మండలి ధీమా.

ప్రకటన చదివిన శ్రీపాల్ నేరుగా కరుణ ఇంటికి పోయాడు. చేపలు అమ్ముకుని బతికే మనిషి, చెరువులోనే పెరిగింది. వాకిట్లో కూర్చుని చేప పొలుసు గీకుతోంది.

"చెల్లె, నాతోని ఉరుకుతవా?"

"ఎవలన్న ఎంటవడ్డరా అన్నా?"

"ఉరికితె రోడ్డొస్తదట."

కరుణ చేతిలో కత్తి ఆగింది. "మరి గిన్నేండ్లు అర్జీలు రాసుడెందుకు? అప్పుడే ఉరికేది ఉండె." మళ్లీ గీకడం మొదలుపెట్టి, "నీకు ఈతొస్తదా?" అంది.

"మునుగుడొస్తది."

"సగం వచ్చినట్టే. తేలుడు నేను నేర్పిస్త."

రోడ్డు ఎందుకో ఆమె అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు. ఆ తొవ్వలో గుంతలకు, వాటిలో పడ్డవాళ్ల, వాటి ముందు ఆగిపోయినవాళ్ల పేర్లు పెట్టుకోవడం గూడలో ఆచారం. పెండ్లికొడుకు బొంద ఉంది, సర్పంచ్ బొంద ఉంది. కాలువ మీది విరిగిన మోరీ దగ్గరున్నది అంబులెన్స్ బొంద. మూడేళ్ల కింద శ్రీపాల్ భార్య శోభకు గుండెలో నొప్పి వచ్చినప్పుడు అంబులెన్స్ ఆ మోరీ దాకా వచ్చి, ముందుకు తొవ్వ లేదని ఆగిపోయింది. శోభను మంచం మీద మోసుకొచ్చారు. డ్రైవరు ఊరికే చూస్తూ నిలబడలేదు. ఎదురొచ్చి మంచం కోడు ఒకటి భుజానికెత్తుకున్నాడు. మంచం మీది నుంచి శోభ అతనితో, "పైలం బిడ్డా, ముంగట బొంద ఉన్నది" అంది. దవాఖాన చేరేసరికి ఆమె లేదు. ఆ డ్రైవరు పిల్లవాడి పేరు అడగలేదే అని శ్రీపాల్ ఇప్పటికీ అనుకుంటాడు.

పోటీ నాడు తెల్లారేసరికి చెరువు కట్ట మీద పట్నం సైకిళ్లు బారులు తీరాయి. ఒక్కో సైకిల్ శ్రీపాల్ ఇంటికన్నా నిగనిగలాడుతోంది. శ్రీపాల్ సైకిల్‌ను తనిఖీ చేసిన అధికారి, క్యారియర్ ఉన్న సైకిల్ సాహస వాహనం కాదని, సామాన్య ప్రయోజన వాహనమని తేల్చాడు. క్యారియర్ విప్పేశాక అది సాహస వాహనమైంది. కరుణ తెచ్చిన ఆమె బిడ్డ స్కూలు సైకిల్‌కు బెల్లు ఉంది. సాహసంలో బెల్లు కొట్టరాదని ఆమెతో హామీ తీసుకున్నారు.

ఈతలో జట్టు సభ్యుల మధ్య పది గజాల దూరం దాటరాదన్నది నిబంధన. కరుణ ఒక్క బిగిన చెరువు దాటగలదు. శ్రీపాల్ దాటలేడు. అందుకని ఆమె అతని చుట్టూ ప్రదక్షిణం చేస్తూ ఈదింది.

"అన్నా, కొట్టేది కాళ్లు, నోరు కాదు! నీళ్లు తాగుడు బంజెయ్, చెరువు ఒడుస్తది!"

పడవలో ఉన్న న్యాయనిర్ణేత ఆమె చుట్లన్నీ రాసుకుని, అదనపు ఈతకు గుర్తింపు లేదని మైకులో ప్రకటించాడు. అప్పటికి వాళ్లు అందరికంటే వెనక ఉన్నారు.

సైకిళ్లు తొవ్వ ఎక్కాక కథ మారింది.

"అన్నా, పెండ్లికొడుకు బొంద!"

"చూసిన!"

"సర్పంచ్ బొంద! ఎడమదిక్కు కొట్టు!"

సర్పంచ్ బొందలో అప్పటికే ఒక పట్నం యువకుడు సైకిల్‌తో సహా స్థిరపడి ఉన్నాడు. శ్రీపాల్ దిగి, చెయ్యందించి పైకి లాగాడు. అతను మోకాలి మీది మట్టిని మురిపెంగా చూసుకుంటూ, "మీరెంత లక్కీ అన్నా! ఇంటి ముందే ఇంత మంచి ట్రాక్!" అన్నాడు.

"అవ్ సార్, మస్తు లక్కీ," అంది కరుణ. "వానకాలం రాండ్రి, ఇంకింత లక్కీ ఉంటం."

పోటీదారుల వెనకే, దారి పొడవునా అంబులెన్స్ రావాలని మండలి మరో నిబంధన పెట్టింది. (ప్రాణం విలువైనది. రుసుము కట్టిన ప్రాణం మరీను.) మోరీ దాటాక శ్రీపాల్ వెనక్కి చూశాడు. మండలి మనుషులు అంబులెన్స్ బొంద మీద ఇనుప రేకులు పరిచారు. తెల్లటి బండి వాటి మీదుగా మెల్లగా, కుదుపైనా లేకుండా, ఇవతలికి వచ్చింది. శ్రీపాల్ సైకిల్ ఆపేశాడు.

"ఏమాయె అన్నా?"

"గది ఒస్తున్నది చెల్లె. మోరీ దాటి ఒస్తున్నది."

కరుణ చూసింది. "నడువ్ అన్నా," అంది. "రోడ్డు పడితే ఎవల కోసమైనా ఒస్తది."

బండి దాటగానే మండలి మనుషులు రేకులు ఎత్తి వ్యాన్‌లో వేసుకున్నారు. సహజ అవరోధాన్ని చెడగొట్టరాదు కదా.

గుట్ట మీది పరుగులో వాళ్లకు పోటీ ఎవరూ లేరు. ఉన్నవాళ్లంతా ఇంకా గుంతల్లో ఉన్నారు. ఇద్దరూ చేతులు పట్టుకుని గీత దాటారు. రెండో జట్టు వచ్చేసరికి కరుణ ఇంటికి పోయి, ముఖం కడుక్కుని, చీర మార్చుకుని మళ్లీ వచ్చింది.

దండలు వేశారు. ఫొటోలు తీశారు. వారం దాటాక రాంచంద్ర గారు ఇద్దరినీ ఆఫీసుకు పిలిపించి, కుర్చీలు కూడా వేయించారు.

"శ్రీపాల్, రోడ్డు మంజూరైంది. ముబారక్. ఏడ వెయ్యాల్నో చోటు చూపియ్యి."

శ్రీపాల్‌కు అర్థం కాలేదు. "మా తొవ్వ మీదనే సార్."

"దాని మీద ఎట్లేస్తం?" అన్నారు రాంచంద్ర గారు, నొచ్చుకుంటూ. మండలి నిపుణులు ఫలితాలను లోతుగా పరిశీలించారట. ఖరీదైన సైకిళ్లను ఒక స్కూలు సైకిల్ ఓడించిందంటే గొప్పతనం తొవ్వదేనని తేల్చారట. అందుచేత దాన్ని శాశ్వత సహజ శిక్షణా మార్గంగా ప్రకటించారు. ఇకపై దాని మీద తారు పోయడం, కంకర పరచడం, గుంతలు పూడ్చడం నేరం. పోటీ ఏటా అక్కడే జరుగుతుంది.

"మాకున్నది గదొక్కటే తొవ్వ సార్."

"అందుకే కదా కాపాడుతున్నం."

కరుణ కుర్చీలోంచి లేచింది. "మేం ఓడిపోయి ఉంటే పడుతుండెనా సార్, రోడ్డు?"

"ఓడిపోతే బహుమతి ఎట్లిస్తరమ్మా?"

ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికేమీ లేదు.

తర్వాత కొద్దిరోజులకు నారయ్య అనే తాపీమేస్త్రీ మోటారుసైకిల్ మీద సిమెంటు బస్తా పెట్టుకుని వచ్చాడు. అంబులెన్స్ బొంద పక్కనే గుంట తీసి, సిమెంటు దిమ్మె కట్టి, బోర్డు నిలబెట్టాడు. 'ఇచ్చట రోడ్డు వేయరాదు.' శ్రీపాల్ అతనికి చాయ్ తెచ్చి ఇచ్చాడు.

"ఈ బొందకు ఏదో పేరున్నదంట గద అన్నా?" అడిగాడు నారయ్య.

శ్రీపాల్ చెప్పాడు. నారయ్య చాయ్ తాగడం ఆపి, చివరిదాకా విన్నాడు. గ్లాసు కింద పెట్టి అటూ ఇటూ చూశాడు. తట్టలో ఇంకా సిమెంటు మిగిలి ఉంది. నాలుగు రాళ్లు బొందలో వేసి, మిగిలిందంతా వాటి మీద కుమ్మరించి, తాపీతో చదును చేశాడు.

"ఆరేదాంక జర ఎవల్ని తొక్కనియ్యకు," అని బండెక్కి వెళ్లిపోయాడు.

శ్రీపాల్ చుట్టూ ముళ్లకంప వేసి కాపలా కాశాడు. ఆరాక ఒక ఆటో దాని మీదుగా కరుణ ఇంటి ముందుకొచ్చి ఆగింది. ఆమె బిడ్డ స్కూలు సంచీతో అందులోంచి దిగింది. కరుణ ఆటో చుట్టూ ఒక చుట్టు తిరిగి చూసింది.

మర్నాడు పొద్దున్నే మండలి జీపు వచ్చింది. సహజ అవరోధాన్ని నాశనం చేశారన్న ఫిర్యాదు మీద రాంచంద్ర గారే స్వయంగా దిగారు, బూట్లతోనే. వెంట గడ్డపారలతో నలుగురు కూలీలు. సిమెంటు పగలగొట్టి, రాళ్లు ఏరి, మునుపటి లోతు వచ్చిందో లేదో కర్రతో చూసి మరీ తవ్వించారు. శ్రీపాల్ ఇంటి గడపలోంచి చూస్తూ నిలబడ్డాడు.

ఆ తొవ్వ మరమ్మతు పని మీద మండలి మనుషులు రావడం పదకొండేళ్లలో అదే మొదటిసారి. పని మాత్రం చాలా శుభ్రంగా చేశారు.