పదహారు పాటలు చాలవూ?

ఒక బ్యాండు ముప్పై ఏళ్ళలో తొమ్మిది ఆల్బమ్‌లు చేసిందంటే, అందులో ఎనిమిది మన టైము తినెయ్యడానికి పన్నిన కుట్ర అని నా గట్టి నమ్మకం. మీరూ ఒప్పుకుంటారు. ఒప్పుకునే టైము మీకుంటే!

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలదూ? గిన్నెడూ పిసుకుతామా? ఎవరో పుణ్యాత్ముడు కంపెనీ ఆఫీసులో కూర్చుని, తొమ్మిది ఆల్బమ్‌లనూ చెరిగి, పొట్టు ఎగరగొట్టి, పదహారు పాటలు ఏరి, అట్ట మీద బంగారు రంగు అక్షరాల్లో 'ఆణిముత్యాలు' అని అచ్చేసి చేతిలో పెడుతుంటే, 'నాకు పొట్టు కూడా కావాలి' అనేవాణ్ణి ఏమనాలి?

గ్రేటెస్ట్ హిట్స్ అనే వస్తువును కనిపెట్టిన మహానుభావుడికి ఇంతవరకు ఎవరూ విగ్రహం పెట్టలేదు. పెట్టేవాళ్ళెవరైనా ఉంటే ఒక మనవి. తల ఒక్కటే పెట్టండి. మిగతా ఒళ్ళంతా ఉత్త పొట్టే కదా.

ఈ డిస్కు వల్ల జనంలో కళాభిమానం ఎంత పెరిగిందో చూడండి. మా ఆఫీసు స్టోర్‌కీపరు వారానికి మూడు రోజులు ఆ బ్యాండు బొమ్మున్న చొక్కాతో వస్తాడు. బ్యాండులో ఎంతమందయ్యా అని అడిగితే, తల వంచి తన పొట్ట మీద లెక్కపెట్టుకుని నలుగురన్నాడు. మా పళ్ళ డాక్టరుగారు పదహారులో ఏడే వింటారు, ఆ ఏడింటిలోనూ పల్లవే. చరణం ఎలా ఉంటుందో తనకు ముందే తెలిసిపోతుందట. పక్కింటావిడ ఇంకా నాజూకు. పల్లవిలో మొదటి లైను రింగ్‌టోనుగా పెట్టుకున్నారు. రెండో లైను రాకముందే ఫోనెత్తేస్తారు. ఆ బ్యాండంటే ఆవిడకు ప్రాణం!

నన్నడిగితే ఈ సూత్రం పాటలతో ఆగకూడదు. పెళ్ళిలో హిట్లు ఎన్ని? నిశ్చితార్థం, పెళ్ళి, మొదటి పాప, అంతే. తక్కిన నలభై ఏళ్ళూ ఎవరూ అడగని పాటలు. పెద్దాపరేషన్‌లో కొయ్యడమే హిట్టు. గంటసేపు కూర్చుని కుట్టడం శుద్ధ చాదస్తం. సర్జన్లు ఈ విషయం గ్రహిస్తే ఆస్పత్రుల ముందు క్యూలే ఉండవు.

ఇంత చెప్పినా బుర్రకెక్కని మనిషి మా కుటుంబంలోనే ఉన్నాడు. మా అక్క మొగుడు. లిఫ్ట్ మెకానిక్. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారన్నట్టు, బావ ఆ తొమ్మిది ఆల్బమ్‌లూ కొనుక్కుని, నంబర్ల వారీగా అలమరలో పెట్టుకుని, మొదటి పాట నుంచి ఆఖరి పాటదాకా వరసలో వింటాడు. మధ్యలో పాట దాటెయ్యడు. అక్క పిలిస్తే వింటున్నది అయ్యాకే లేస్తాడు. ఒకసారి నేను చెయ్యి చాపి ఒక నీరసం పాటను దాటించబోతే, అంతస్తుల మధ్య లిఫ్టు తలుపు తెరవబోయిన వెధవను చూసినట్టు చూశాడు.

నేను నా మెతుకు సిద్ధాంతం వినిపించాను. బావ వింటున్న పాట అయ్యేదాకా ఆగాడు. తర్వాత అన్నాడు: "నువ్వు లిఫ్టు ఆగేచోటే చూస్తావురా. ఆగినప్పుడు అన్ని లిఫ్టులూ ఒకలాగే ఉంటాయి. మధ్యలో నడిచేటప్పుడు వింటేనే దాని సంగతి తెలిసేది."

చూశారా, మనిషి ఎంత చెడిపోయాడో! గ్రీజు డబ్బా పట్టుకోవలసినవాడు తత్వం పట్టుకున్నాడు.

బావ పిచ్చికి కేంద్రం ఒకటుంది. ఐదో ఆల్బమ్, క్యాసెట్టు రెండో వైపు, ఆఖరి పాట. ఆరు నిమిషాల నలభై సెకన్లు. మొదటి నిమిషమంతా డ్రమ్ము మీద చీపురుతో ఊడ్చినట్టు చప్పుడే తప్ప ఇంకేమీ ఉండదు. తర్వాత డ్రమ్మరు పాడతాడు. తొమ్మిది ఆల్బమ్‌లలో ఆయన పాడింది అదొక్కటే. ఎందుకో వింటే తెలుస్తుంది, గొంతు రెండు చోట్ల జీరపోతుంది. తాళంచెవి మర్చిపోయి, భార్య వచ్చేదాకా తన ఇంటి మెట్ల మీదే కూర్చున్న ఒక మనిషి గురించి ఆ పాట. అందులో ఏమీ జరగదు. ఆవిడ రావడం కూడా పాటలో ఉండదు. 'ఆణిముత్యాలు' ఏరిన పుణ్యాత్ముడు దాన్ని మొదటి నిమిషంలోనే పక్కన పడేసి ఉంటాడు. తెలివైనవాడు.

బావ తమ్ముడు చనిపోయిన ఏడాది బావ మూడు నెలలు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. పనికి వెళ్ళేవాడు, వచ్చేవాడు, ఆ పాట పెట్టుకునేవాడు. ఈ సంగతి నాకు అక్క చెప్పింది. బావ ఎప్పుడూ చెప్పలేదు.

పోయిన నెల ఆ నలుగురూ పన్నెండేళ్ళ తర్వాత మళ్ళీ కలిసి ఊరూరా వాయిస్తూ మా ఊరు వచ్చారు. ఆదివారం మధ్యాహ్నం, మునిసిపల్ హాల్లో ప్రోగ్రాం. బావ నెల ముందే టికెట్లు తీశాడు. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆ పాట ఎదురుగా ఒక్కసారి వింటే చాలని అక్కతో అన్నాడట. నాతో మాత్రం, సీటు ఫ్యాన్ కింద దొరికితే బాగుండునన్నాడు.

నేను వారం వారం రాసే ఈ కాలమ్ పుణ్యమా అని హాలు సెక్రటరీ నన్నొక పెద్దమనిషిని చేసి, ఇంటర్వెల్‌లో శ్రోతలు కావలసిన పాటలు రాసిచ్చే చీటీలు పోగుచేసి స్టేజీ మీదికి అందించే బాధ్యత అప్పజెప్పాడు. ఒక ప్లాస్టిక్ బుట్ట ఇచ్చాడు. బ్యాండువాళ్ళు చీటీలు ఏరకుండా బుట్ట బుట్టంతా ఇమ్మన్నారని కూడా చెప్పాడు.

ఏరకుండానా? పదమూడేళ్ళుగా హిట్ల మాహాత్మ్యాన్ని చాటుతున్న నేనా ఏరకుండా ఇచ్చేది? బుట్ట పట్టుకుని గ్రీన్‌రూమ్ పక్కన ఒక కుర్చీలో కూర్చుని దొంతరలు పెట్టాను. రెండొందల పైచిలుకు చీటీలు. ఎంత చక్కటి క్రమశిక్షణ! అందరూ అవే నాలుగు పాటలు అడిగారు. కొందరికి పాట పేరు గుర్తురాక 'ఆ చప్పట్లు వచ్చే పాట' అని రాశారు. ఒకాయన వేరే బ్యాండు పాట అడిగాడు. ఆయన ఉత్సాహాన్ని మెచ్చుకుని దాన్నీ ఒక దొంతరలో కలిపాను.

ఒక్క చీటీ మాత్రం ఏ దొంతరలోనూ ఇమడలేదు. ఎనిమిది మడతలు. విప్పితే లిఫ్టు సర్వీసు పుస్తకంలో స్పేర్‌పార్టుకు ఆర్డరు రాసినట్టు పెద్దపెద్ద అక్షరాలు: ఆల్బమ్ 5, వైపు 2, చివరిది, 6 నిమిషాల 40 సెకన్లు. కింద 'వీలైతేనే' అని ఉంది.

చేతిరాత గుర్తుపట్టాను. గుర్తుపట్టాను కాబట్టే పక్కన పెట్టాను! సొంత బావ చీటీని ముందుకు తోస్తే అది బంధుప్రీతి కాదూ? రెండొందలమంది ఒకవైపు, ఒక్కడు ఇంకోవైపు. ప్రజాస్వామ్యం ఏం చెబుతోంది? అయినా ఆరు నిమిషాల నలభై సెకన్లు ఎవడో మెట్ల మీద కూర్చుంటే హాలంతా లేచి టీ తాగడానికి పోదూ? బ్యాండు పరువేం కాను? చీటీ మడిచి జేబులో వేసుకున్నాను. మిగిలిన దొంతరలకు రబ్బరు బ్యాండ్లు వేసి పంపాను.

రెండో సగం అద్భుతంగా నడిచింది. హిట్టు మీద హిట్టు. ప్రతి పాట మొదటి లైనుకు హాలంతా గొంతు కలిపేది. రెండో లైను ఎవరికీ రాదు కాబట్టి అక్కణ్ణుంచి ఫోన్లు పైకెత్తి వీడియో తీసుకుంటూ పక్కవాళ్ళతో కబుర్లు చెప్పుకునేవారు. నా ముందు సీటాయన నాలుగు పాటలు తీసి, ఒక్కటీ వినకుండా, నాలుగూ ఎవరికో పంపాడు.

నా పక్కన బావ చప్పట్లు కొట్టాల్సినచోట కొడుతున్నాడు. చూపు మాత్రం వెనకాల డ్రమ్ముల మీద ఉంది. డ్రమ్మరు నోటి దగ్గర ఒక మైకు పెట్టి ఉంది. ప్రోగ్రాం మొదలైనప్పట్నుంచీ ఉంది. దాంట్లో ఒక్క మాటా పలకలేదు. పాట అయిపోయినప్పుడల్లా బావ సీట్లో కొంచెం ముందుకు జరిగేవాడు. తర్వాతి హిట్టు మొదలవగానే వెనక్కి ఆనుకునేవాడు. పదకొండుసార్లు జరిగాడు. లెక్కపెట్టుకోవాలని లేకపోయినా లెక్కపెట్టాను.

ప్రోగ్రాం అయ్యాక నా డిస్కు మీద సంతకాలు పెట్టించుకుందామని గ్రీన్‌రూమ్‌కి వెళ్ళాను. ముగ్గురు ఫొటోలు దిగుతున్నారు. డ్రమ్మరు ఒక మూల కుర్చీలో కూర్చుని కర్రల్ని తువ్వాల్లో చుట్టుకుంటున్నాడు. తల నెరిసిపోయింది. నన్ను చూసి పలకరింపుగా నవ్వాడు.

"చీటీలు మీరేనటగా అండీ చూసింది?"

అవునన్నాను.

"బుట్టలో వచ్చినవన్నీ ఇచ్చారా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి జేబు మీదికి పోయింది. నీళ్ళు నమిలి, ఇచ్చేశామండీ అన్నాను.

"ఏం లేదు, ఊరికే అడిగాను. నేను పాడిన పాట ఒకటుంది. వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ నాకో మైకు పెట్టించుకుంటాను. ఎవరైనా ఒక్కళ్ళు అడిగితే పాడదామని." కర్రల కట్టకు ముడి వేశాడు. "మీ ఊరే ఆఖరు. దీంతో ఆపేస్తున్నాం."

మీరైతే ఏం చేసేవారు? జేబులోంచి చీటీ తీసి ఇచ్చేవారు. బయట నిలబడి ఉన్న బావను పిలిచేవారు. నిజమే, మీరంతా ధర్మరాజులు. నేను మాత్రం పరువున్న మనిషిని. పేరున్న కాలమిస్టును. ఎవరూ అడగలేదండీ అని చెప్పాను. ఆయన తలూపి, నా డిస్కు తీసుకుని, ఆణిముత్యాల బంగారు అక్షరాల మీద సంతకం పెట్టిచ్చాడు.

ఇంటికి నడిచి వెళ్తుంటే అక్క, ఆ పాట రాలేదేం అని అడిగింది.  మందుల షాపు మలుపు దగ్గర బావ అన్నాడు: "పెద్దాయన గొంతు పోయినట్టుంది పాపం. నా చీటీ చూసి ఎంత ఇబ్బంది పడ్డాడో. అడక్కుండా ఉండాల్సింది."

నేను విన్నాను. సంతకాల డిస్కు నా చేతిలోనే ఉంది.  ఇప్పటికి మూడు వారాలైంది. బావ ఐదో ఆల్బమ్ పెట్టడం లేదట. నాలుగు అవగానే ఆరు పెడుతున్నాడని అక్క చెప్పింది. పాట దాటించని మనిషి ఆల్బమే దాటించేస్తున్నాడు.

నా సిద్ధాంతంలో మాత్రం మార్పేమీ లేదు! హిట్లు చాలు. పాడేవాడు ఒక్కడు అడిగితే చాలనుకున్నాడు, వినేవాడు ఒక్కసారి పాడితే చాలనుకున్నాడు, ఇద్దరికీ మధ్య నాలాంటి ఏరేవాడు ఒకడున్నాడు. అడిగేవాడు లేడని అటు చెప్పాను. పాడేవాడికి గొంతు లేదని ఇటు అనుకోనిచ్చాను. ఇంత సమర్థంగా పొట్టు ఎగరగొట్టగలిగేవాడు ఇంకెవరున్నారు? ఆ విగ్రహమేదో నాకే పెట్టించండి.

ఇక ఒక చిన్న విషయం. మొదటి మూడు పేరాలు చదివి 'భలే రాశారు సార్' అని మెసేజ్ పెట్టే అభిమానులు ఈపాటికి పెట్టేసి వెళ్ళిపోయి ఉంటారు. వాళ్ళను తప్పుపట్టను, అలా చదవమని నేర్పింది నేనే. ఈ కాలమ్‌ని బాగున్నవీ బాగులేనివీ అని ఏరకుండా, పదమూడేళ్ళుగా ఒక్క వారం వదలకుండా, ఆఖరి లైనుదాకా చదివే మనిషి ఒక్కడే ఉన్నాడు. కాబట్టి ఇక్కడ ఇప్పుడు మనిద్దరమే ఉన్నాం.

బావా, ఆయన గొంతు పోలేదు. నువ్వు అడగడం తప్పు కాదు. ఆ మైకు నీలాంటివాడి కోసమే పెట్టించుకున్నాడు. నీ చీటీ నేనే ఇవ్వలేదు.