మాస్టారి కడుపునొప్పి

ఆదివారం పొద్దున్నే బట్టల బీరువా జరిపి, దాని వెనక దుమ్ము దులపాలనుకున్నారు డ్రాయింగు మాస్టారూ, ఆయన భార్య టైలరమ్మా. మాస్టారు బీరువా మీద చెయ్యి వేశారో లేదో, పొట్ట పట్టుకుని కుర్చీలో కూలబడ్డారు.

"అమ్మో! పేగులు మెలిపెట్టేస్తున్నాయే! నా పని అయిపోయింది!"

ఆ కేకకు మాస్టారి తల్లి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఎదురింటాయన అంబులెన్సుకు ఫోన్ చేశాడు. పక్కింటావిడ ముందుజాగ్రత్తగా కళ్ళు తుడుచుకుంటూనే వచ్చింది. టైలరమ్మకు రాత్రి నుంచి పొట్టలో కుడివైపు సూది దిగినట్టే ఉంది. ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

అంబులెన్సులో మాస్టారు అప్పగింతలు మొదలెట్టారు.

"నా రంగులపెట్టె ఎవరికీ ఇవ్వకే!"

"అలాగేనండీ" అంది టైలరమ్మ, పళ్ళు బిగబట్టి.

ఆసుపత్రిలో మాస్టారు మంచమెక్కి తన నొప్పిని వర్ణించారు. మొదట లేత నీలంగా వచ్చిందట, తర్వాత ముదురు ఎరుపుకు తిరిగిందట. డాక్టరమ్మ ఓపిగ్గా విని, పొట్ట నొక్కి చూసింది.

"రాత్రి ఏం తిన్నారు?"

"శనగలండీ. కాస్త ఎక్కువే."

"గ్యాసు. ఒక మాత్ర చాలు."

మాస్టారి చెప్పులు అందించబోయి వంగిన టైలరమ్మ మళ్ళీ లేవలేకపోయింది.

"మీకేమైందమ్మా?"

"అబ్బే, ఏం లేదండీ. ఇక్కడ కాస్త పట్టేసింది."

డాక్టరమ్మ అక్కడ వేలు పెట్టగానే ఆవిడ ముఖం పాలిపోయింది.

"కాస్తా? అపెండిక్స్ పగలడానికి సిద్ధంగా ఉంది! మాస్టారూ, మంచం దిగండి!"

ఆపరేషన్ సవ్యంగా జరిగింది. మెలకువ వచ్చి మూలిగిన కోడలితో, "ఓర్చుకోవాలమ్మా. ఆడపుట్టుక పుట్టాక తప్పదు" అంది అత్తగారు, అలవాటుగా.

"ఓర్చుకోను అత్తయ్యా! నాకు నొప్పిగా ఉంది!"

వార్డు దద్దరిల్లింది. నర్సు పరుగున వచ్చి ఇంజెక్షన్ ఇచ్చింది. కాసేపటికి టైలరమ్మ ముఖం తేటపడింది. అత్తగారు ఆశ్చర్యపోయింది.

"అరిస్తే వస్తారటే?"

"వచ్చారుగా!"

అత్తగారు గొంతు సవరించుకుంది.

"నా మోకాలు! ఏళ్ళ తరబడి ప్రాణం తోడేస్తోంది!"

చూడ్డానికొచ్చిన పక్కింటావిడ, "నాకు నడుమండీ!" అంది. ఎదురు మంచం దగ్గర కూతురికి తోడున్నావిడ గుండెదడ సంగతి బయటపెట్టింది. సాయంత్రానికి డాక్టరమ్మ గది ముందు ఆడవాళ్ళ వరస మెట్లదాకా సాగింది. టైలరమ్మ మంచం మీంచే, "గట్టిగా చెప్పండి, మొహమాటం వద్దు!" అని హుషారెక్కిస్తోంది.

భర్తలందరూ సంచులు పట్టుకుని వరండాలో బారుగా నిలబడ్డారు. ఒక్కరికీ తుమ్మడానికైనా ధైర్యం చాలలేదు.