ముప్పై ఆరు డిగ్రీల నీళ్ళలో ట్రౌట్ చేప యోగక్షేమాలు

ఖతార్‌లో నదులు లేవన్నది భూగోళశాస్త్రం అభిప్రాయం. మా వారి కంపెనీ యాప్ ఆ అభిప్రాయంతో ఏకీభవించదు.

మా వారు ఆనందరావు గారు కాంపౌండ్లు నిర్వహించే ఒక కంపెనీలో సూపర్‌వైజరు. దోహా శివార్లలో ఒక విల్లాల కాంపౌండ్ మధ్య సిమెంటు సరస్సు ఉంది. మోకాలి లోతు, పంపు నీళ్ళు, ఒడ్డున ప్లాస్టిక్ రెల్లు. కంపెనీవారు ఎక్కడో మంచుదేశం నుంచి ఒక యాప్ తెప్పించారు. దాని ప్రకారం నీళ్ళున్న ప్రతిచోటి నుంచీ వేసవిలో రోజూ 'ట్రౌట్ వేట పరిస్థితుల నివేదిక' వెళ్ళాలి. ట్రౌట్ అంటే చల్లటి సెలయేళ్ళలో బతికే చేప. దాన్ని వానపాముతో కాకుండా, ఈకలకు దారం చుట్టి చేసిన ఉత్తుత్తి ఈగతో పడతారట (ఒక చేపను మోసం చేయడానికి ఇంత కుట్టుపని చేసే ఓపిక ఉన్న దేశాలు ఇంకా మిగిలే ఉన్నాయి).

ఫారాలంటే మా వారికి తలనొప్పి. అందుకని గిన్నెలు తోమడం అయ్యాక, దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలోని మా వంటింట్లో కూర్చుని ఖతార్ నదుల పరిస్థితిని నేనే ప్రకటిస్తుంటాను. చదివింది జువాలజీ. ఇన్నాళ్ళకు అక్కరకొచ్చింది.

సరస్సు దగ్గర ఉండేది నర్సింలు, జగిత్యాల వైపు మనిషి. నాచు తీయడం, పంపు చూడడం అతని డ్యూటీ. యాప్ అతన్ని 'నదీ సంరక్షకుడు' అని గౌరవిస్తుంది (కంపెనీ లేబర్ క్యాంప్‌లో మాత్రం అతనిది ఏసీ గాలి తగలని పై మంచమే).

నీళ్ళు ఎలా ఉన్నాయి అని యాప్ అడిగింది. బాగున్నాయి అని రాశాను. చేపలు ఎలా ఉన్నాయి అంది. బాగున్నాయి అన్నాను. ఎలా ఉన్నారని ఎవరైనా అడిగితే, నూట రెండు జ్వరంలోనైనా బాగున్నామనే కదా అంటాం. అడిగింది పైవాళ్ళయితే మరీను. నీటి మీద ఏ ఈగలు తిరుగుతున్నాయి అన్న ప్రశ్నకు మాత్రం నర్సింలుకు ఫోన్ చేశాను. చెత్త డబ్బా దగ్గరివే అన్నాడు. అదే రాశాను.

ఆరు వారాలు తిరిగేసరికి మా సరస్సు కంపెనీ మొత్తంలోనే 'అత్యుత్తమ ట్రౌట్ జలం'గా ఎంపికైంది. మా వారికి సర్టిఫికెట్ వచ్చింది. అదే రోజు నర్సింలు సెలవు రద్దయింది. చేపల సీజన్ ఇంత బాగున్నచోట సంరక్షకుడు కదలరాదన్నది నిబంధన.

నర్సింలు ఊరు విడిచి మూడేళ్ళ మూడు నెలలు. వచ్చాక పుట్టిన కూతురికి ఆగస్టు పద్నాలుగుకు మూడో ఏడు నిండుతుంది. ఆలోపే పుట్టెంట్రుకలు తీయించాలి. తండ్రి లేకుండా కత్తెర పెట్టనివ్వనని భార్య మాలతి పట్టుబట్టింది. పిల్ల జుట్టు నడుము దాకా వచ్చిందట.

"అక్కా, చేపలు మంచిగున్నయని ఎవ్వలు రాసిండ్రో గని, నా నోట్లె మన్ను గొట్టిండ్రు" అన్నాడు నర్సింలు ఫోన్‌లో.

ఎవరో కనుక్కుంటానన్నాను.

మర్నాడు నిజం రాశాను. నీళ్ళు ముప్పై ఆరు డిగ్రీలు. యాప్‌లో ఇరవై అయిదుకు మించి అంకె లేదు. ఇరవై అయిదే నొక్కాను. గంటలో ఉత్తర్వు దిగింది. ఇరవై దాటితే ట్రౌట్‌కు ఆయాసం వస్తుంది కనుక, మా సరస్సులోని ట్రౌట్‌లన్నింటికీ అక్టోబరు దాకా సెలవు. ఆ కష్టకాలంలో వాటి పక్కనే ఉండి గంటగంటకూ ఉష్ణోగ్రత చూడవలసిందిగా సంరక్షకుడికి ఆదేశం.

మా వారు అల్ ముంతజాలోని ఆఫీసుకు వెళ్ళి, జలచర సంక్షేమ విభాగాధిపతి హమీదుద్దీన్ గారికి అసలు అక్కడ చేపలే లేవని విన్నవించారు. ఆయన హైదరాబాదీ, మర్యాదస్తుడు. చాయ్ తెప్పించారు.

"చేపల్లేవని నాకెరుకే ఆనందరావు గారూ. సిస్టమ్‌కు తెల్వదు. సున్నా కొడితే గడి ఎర్రగైతది, ముందుకు పోదు. నేనేం జెయ్యాలె?"

దాంతో నేను నిబంధనలు మొదటి నుంచీ చివరిదాకా చదివాను (చదివినవాళ్ళలో నేనే మొదటిదాన్నని యాప్ అభినందించింది). నూట పన్నెండో నిబంధన ఇలా ఉంది: పట్టుబడిన చేప అలసిపోయినట్టు కనిపిస్తే, ఆలస్యం చేయకుండా దాని సొంత నీళ్ళలో వదిలిపెట్టాలి.

ఫారం నింపాను. ట్రౌట్, ఒకటి. బరువు అరవై రెండు కిలోలు. పొడవు అయిదడుగుల అయిదంగుళాలు. రంగు చామనఛాయ. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సొంత నీళ్ళు వదిలి ఎంతకాలం: మూడేళ్ళ మూడు నెలలు. సొంత నీళ్ళు: గోదావరి, జగిత్యాల జిల్లా.

మనిషిగా పదకొండు నెలలు అడిగి తెచ్చుకున్నా నిలవని అనుమతి, చేపగా నలభై నిమిషాల్లో వచ్చింది. టికెట్ కూడా జతచేశారు. దారిలో ఎండ తగలనివ్వరాదని, గట్టిగా అరవరాదని, తడి చేతులతో తప్ప ముట్టుకోరాదని సూచనలున్నాయి. ఇన్నేళ్ళలో అతని గురించి కంపెనీ ఇంత శ్రద్ధ తీసుకోవడం ఇదే మొదలు. హమీదుద్దీన్ గారు కూడా వాష్‌రూమ్‌లోకి వెళ్ళి చేతులు తడుపుకొని వచ్చి, నర్సింలుతో కరచాలనం చేసి సాగనంపారు.

ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేశాడు. "అక్కా, గింత పెద్ద చేపను నమ్మిండ్రా?"

"నమ్మలేదు నర్సింలూ. ఆమోదించారు."

ఆగస్టు పదకొండున పుట్టెంట్రుకలు తీశారు. ఫోటో పంపాడు. గుండుతో ఉన్న పిల్ల తండ్రి ఒళ్ళో కూర్చుని, ఎవరీయన అన్నట్టు చూస్తోంది. ఇంకో వారం ఉంటే అలవాటు పడేలా ఉంది, సెలవు పొడిగించే దారి చూడమని అడిగాడు. చూశాను. నూట పదమూడో నిబంధన ప్రకారం, వదిలిపెట్టిన చేపను ముప్పై రోజుల తర్వాత మళ్ళీ పట్టుకోవచ్చు.

నర్సింలు తిరుగు టికెట్ ముప్పై ఒకటో రోజుకు వేసి ఉంది.