హెడ్డు లేపేసిన హుమాయున్

మంగళవారం పొద్దున హుమాయున్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంజను హెడ్డును ఎనిమిది గంటల బస్సులో జమ్మలమడుగు తీసుకుపోవాలి, సాలోమోను లేతు షాపులో దాని మొహం చదును చేయించాలి, అన్నం వేళకు ప్రొద్దుటూరు తిరిగి రావాలి. అంతే.

ఆ హెడ్డు మామూలు లారీది కాదు. తొమ్మిదేళ్ళు కువైట్‌లో మెకానిక్‌గా పనిచేసి వస్తుంటే, అక్కడి యజమాని తన పాత ఎర్ర స్పోర్ట్స్ కారును "నడిపించుకోగలిగితే నీదే" అని ఇచ్చేశాడు. టర్బో ఉన్న కారు. పొగగొట్టంలోంచి పోయే వేడిగాలికే ఒక చక్రం గిర్రున తిరిగి, ఇంజనులోకి మరింత గాలి కూరి, బండిని పిచ్చెక్కినట్టు ఉరికిస్తుంది. అయితే మద్రాసు ఓడరేవులో దిగేనాటికే ఆ ఇంజను బిగుసుకుపోయి ఉంది. ఏడాదిన్నరగా హుమాయున్ ఇంటి ముందు రేకుల పంచలో దాన్ని విప్పుతున్నాడు, బిగిస్తున్నాడు, మళ్ళీ విప్పుతున్నాడు. కొత్త పిస్టన్లు వేశాడు. పాతదాని కంటే పెద్ద టర్బో తగిలించాడు. వాల్వులను ఇంట్లో బిర్యానీ డేగిసాలో నానబెట్టాడు. భార్య మైమూన్ ఓపిక అక్కడితో అయిపోయింది.

"ఆదివారం లోపల అది కూత పెట్టల్ల. లేదంటే పాతసామాన్లాయప్పను పిలిచి తూకానికేస్తా" అంది. మైమూన్ అన్నదంటే వేస్తుంది.

బయలుదేరే ముందు హుమాయున్ గోవిందమ్మ ఎస్టీడీ బూతుకు పోయి సాలోమోనుకు ఫోను చేశాడు. లైను సరిగా లేదు. అందుకని అరిచాడు.

"సాలోమోనన్నా! హెడ్డును లేపేసినా! ఆ, నిన్న మాపటేళ. నేనొక్కణ్ణే! శానా మొండిఘటం, సుత్తితో నాలుగు పీకితే గానీ కదల్లా. కిరసనాయిలేసి కడిగి గోనెసంచిలో మూటగట్టినా. మొగం బాగా గీకెయ్యల్లన్నా. మిగిలిందా? ఇంట్లోనే ఉండాదిలే, టార్పాలిన్ కప్పి పెట్టినా!"

అప్పట్లో ప్రొద్దుటూరులో హెడ్డు అంటే ఒక్కడే, హెడ్ కానిస్టేబుల్ ప్రభాకర్. ఆయన లాఠీ ఎత్తేవాడు కాదు, ఊరికే పళ్ళు పటపట కొరికేవాడు. ఆ చప్పుడుకే రెండు పార్టీల వాళ్ళూ నాటుబాంబుల బకెట్లు కిందపెట్టి పారిపోయేవారు. ఇక ఆ రోజుల్లో లేపేయడం అనే మాటకు అర్థం అడిగేవాడే లేడు.

గోవిందమ్మ వెంటనే పోలీసులకు ఫోను చేసింది. బూతు బయట తమ వంతు కోసం నిలబడ్డ ఇద్దరిలో ఒకడు వీరప్ప మనిషి, రెండోవాడు లింగన్న మనిషి. ఆ రెండు పార్టీల పెద్దలైన వీరప్పకు, లింగన్నకు పదేళ్ళుగా పడదు. పైగా మునిసిపాలిటీ ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. ఇద్దరు మనుషులూ చెరో దిక్కుకు ఉరికారు.

కబురు విని వీరప్ప దోసె తినడం ఆపాడు.

"చేసిండేది మనోళ్ళేనా?"

"కాదన్నా, మెకానిక్కు హుమాయున్."

"ఒక్కడే? హెడ్డునా? అంత గుండెకాయ ఉండేవాణ్ణి ఊర్లో పెట్టుకోని ఇన్నాళ్ళూ మోటార్లు బాగు చేపిస్తాండామా! లింగన్న చేతికి పోకముందే పట్టుకరా పో!"

అదే సమయానికి లింగన్న కూడా అవే మాటలన్నాడు. ఆయన ముందున్నవి ఇడ్లీలు.

బస్సులో హుమాయున్‌కు అన్నీ వింతగా జరిగాయి. ఎక్కగానే నలుగురు లేచి సీటిచ్చారు. కండక్టరు టికెట్టు ఊసెత్తలేదు. ఒళ్ళోని గోనెసంచి నుంచి నల్లటి చమురు బొట్టుబొట్టుగా కారుతుంటే పక్కనున్న లక్ష్మమ్మ అనే ముసలామె కళ్ళు ఒత్తుకుంది.

"పెండ్లాం బిడ్డలుండేది గదా నాయనా పాపం" అంది.

"దీనికేం పెండ్లాం బిడ్డలవ్వా! ఇదొక్కటి అయిపోతే ఇంగా రెండుండాయి లేపేటివి" అన్నాడు హుమాయున్, షెడ్డులో ఎదురుచూస్తున్న రెండు లారీలను తలుచుకుని. లక్ష్మమ్మ పక్క సీటు వదిలేసి డ్రైవరు దగ్గరికి పోయి కూర్చుంది.

అంతలో చెరో వైపు నుంచి ఇద్దరు ఒంగారు. "మా వీరప్పన్న నిన్ను చూడాలంటాండాడు" అని కుడిచెవిలో ఒకడు. "మా లింగన్న కూడా" అని ఎడమచెవిలో ఇంకొకడు.

"మీ అన్నలకూ హెడ్డే పోయిందా?" అన్నాడు హుమాయున్ ఆప్యాయంగా. "తోలుకరాండి. ఇద్దరివీ ఒకేసారి విప్పేస్తా."

ఇద్దరూ తర్వాతి స్టేజీలో దిగిపోయారు.

జమ్మలమడుగు బస్టాండులో ప్రొద్దుటూరు ఎస్సై జీపు బస్సుకు అడ్డం నిలిచింది. ఎస్సై కోస్తావాడు, ఉద్యోగానికి కొత్త. సంచి విప్పమని కానిస్టేబుళ్ళకు చెబితే ఒక్కరూ ముందుకు రాలేదు. చివరికి హుమాయునే విప్పాడు. ఎండలో తళతళలాడుతూ ఇరవై కిలోల అల్యూమినియం ముద్ద బయటపడింది.

"ఏమిట్రా ఇది?"

"హెడ్డు సార్."

"మరి మా హెడ్డు ఎక్కడ?"

"మీదీ ఈడికే తెచ్చినారా సార్?"

సాలోమోను పరుగెత్తుకొచ్చి అది ఇంజను పైభాగమని, వేడికి వంకరపోయిందని ప్రమాణం చేసి చెప్పాడు. ఎస్సై నమ్మలేదు. "నమ్మకం లేకుంటే కండ్లారా చూడండి సార్" అని సాలోమోను దాన్ని తన షాపులో మిషను మీదికి ఎక్కించి గంటన్నర పాటు నున్నగా గీకాడు. ఎస్సై పిస్తోలు పట్టుకుని కాపలా కాశాడు. సాలోమోను జీవితంలో అంత శ్రద్ధగా పనిచేసింది ఆ రోజే.

"సరే, ఇది ఇంజనుదే" అన్నాడు ఎస్సై. "టార్పాలిన్ కింద మిగిలింది కూడా చూపించు."

అసలు ప్రభాకర్ ఆ పొద్దున ఎవరికీ చెప్పకుండా పులివెందులకు పోయి ఉన్నాడు. పదిరోజుల కిందట పంటి వైద్యుడు ఆయన పళ్ళన్నీ పీకేశాడు. మూతికి గడ్డ లేచిందని చెప్పి అన్ని రోజులూ రుమాలు కట్టుకునే డ్యూటీ చేశాడు. ఈ రోజు కట్టుడు పళ్ళు తెచ్చుకోవాలి. ఈ సంగతి భార్య కరుణమ్మకు కూడా తెలియదు. పళ్ళు లేవని తెలిస్తే ఊళ్ళో ఎవడు లెక్కచేస్తాడు? కొత్త పళ్ళు చిగుళ్ళను కోసేస్తుంటే జేబులో వేసుకుని, ముఖానికి తువ్వాలు చుట్టుకుని ప్రొద్దుటూరులో బస్సు దిగాడు.

బజారంతా మూసి ఉంది. బస్టాండు ముందు ఆయన ఫొటోలు రెండు, రెండింటికీ పూలదండలు. హుమాయున్ దొరకలేదు గనక, ఓట్ల కోసం ఒకదాని కింద వీరప్ప, "ప్రభాకరన్న మా మనిషి" అని మైకులో ఏడుస్తున్నాడు. రెండోదాని కింద లింగన్న అంతకంటే గట్టిగా ఏడుస్తున్నాడు.

"నేను థావలేదప్పా!" అని అరిచాడు ప్రభాకర్. పళ్ళు లేని ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు, ముసుగు మాత్రం అందరికీ కనబడింది. "లింగన్న మనిషి!" అని వీరప్ప వర్గం, "వీరప్ప మనిషి!" అని లింగన్న వర్గం వెంటబడ్డాయి. ప్రభాకర్ సందులన్నీ తిరిగి, తలుపు తెరిచి ఉన్న ఇంట్లో దూరాడు. అది హుమాయున్ ఇల్లు.

తువ్వాలు జారిన ఆ ముఖాన్ని మైమూన్ చూసింది. నవ్వు ఆపుకుంది. "ఈ బండిలో కూసోన్నా, ఎవరికీ చెప్పను" అని టార్పాలిన్ ఎత్తి, చేతికి ఒక చెంబుడు రాగి జావ కూడా ఇచ్చింది.

పావుగంటకు జీపు వచ్చింది. వెనుక ఊరు ఊరంతా వచ్చింది. ఎస్సై ఊపిరి బిగబట్టి టార్పాలిన్ లాగాడు. ఎర్ర కారు ముందు సీట్లో, మూతికి జావ అంటించుకుని ప్రభాకర్ కూర్చుని ఉన్నాడు. దయ్యమనుకుని అందరికంటే ముందు పరుగెత్తింది ఎస్సై.

సాయంత్రానికి ప్రభాకర్ పళ్ళు పెట్టుకుని రిపోర్టు రాశాడు: బాంబుల తయారీ గుట్టు తెలుసుకోవడానికి తాను మారువేషంలో రహస్య విధి నిర్వహించాననీ, అనుమానాస్పద లోహ వస్తువు ఒకటి స్వాధీనమైందనీ. అలా మనిషి హెడ్డు బయటికి వచ్చి, ఇంజను హెడ్డు స్టేషను బీరువాలోకి పోయింది. హుమాయున్ మూడు రోజులు స్టేషను చుట్టూ తిరిగి, శుక్రవారం రాత్రి అన్నం ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఏడాదిన్నర పని బీరువాలో పడి ఉంది.

తెల్లారగానే మైమూన్ బురఖా తగిలించుకుని స్టేషనుకు పోయింది.

"ప్రభాకరన్నా, జావ చాలిందా ఆ పొద్దు?" అని అందరూ వినేట్టు అడిగింది. "నమలను కష్టమని పల్చగా కాసినా."

ప్రభాకర్ తనే బీరువా తెరిచి, హెడ్డును రిక్షా దాకా మోసుకొచ్చి పెట్టాడు.

ఆదివారం పొద్దున హుమాయున్ చివరి బోల్టు బిగించాడు. సైలెన్సర్ ఇంకా పెట్టలేదు. అయినా ఆగలేక తాళం తిప్పాడు. ఇంజను దగ్గింది, తుమ్మింది, ఆ తర్వాత మూడుసార్లు ఫెడేల్మని పేలింది. వీధి వీధంతా నేలకు కరుచుకుంది. ఆ వెంటనే ఇంజను కుదురుకుని గుర్రుమంది, టర్బో సన్నగా, తీయగా ఈల వేసింది. హుమాయున్ ఏడుస్తూ నవ్వుతున్నాడు. "కూసో, కూసో!" అని మైమూన్‌ను పక్కన ఎక్కించుకుని మైదుకూరు రోడ్డెక్కాడు. ఖాజీపేట దాకా ఆమె చేత్తో తలగుడ్డ పట్టుకుని "మెల్లగా!" అని అరిచింది. తిరిగి వచ్చేటప్పుడు "ఇంగా తొక్కు!" అని అరిచింది.

ఆ మూడు మోతలు బాంబులవే అనుకున్న వీరప్ప, హుమాయున్ లింగన్న పార్టీలో చేరిపోయాడని కడపకు పారిపోయాడు. వీరప్ప పార్టీలో చేరాడని లింగన్న కర్నూలుకు పారిపోయాడు. నెల తిరక్కముందే ఇద్దరూ పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి రాజీ పడ్డారు. పదేళ్ళ పగకు రాజీపత్రంలో రాసుకున్న షరతు ఒక్కటే: హుమాయున్‌ను ఏ పార్టీలోనూ చేర్చుకోకూడదు.