చరిత్రలో వేలు

పాత కాగితాలకు అసలు శత్రువులు చెదపురుగులని మీరు అనుకుంటున్నారు. పొరపాటు. అసలు శత్రువులు పాఠకులు. ఈ సత్యం మన రికార్డుల ఆఫీసువారికి ఇన్నాళ్ళకు తట్టింది. అందుకే ఉన్న కాగితాలన్నీ స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు, అసలువి ఒక గదిలో పెట్టి తాళం వేశారు. ఇంత మంచి పని చేసినవాళ్ళను కూడా కొందరు వేలెత్తి చూపుతున్నారు. నేను మాత్రం ఆఫీసువారి పక్షం. ఎందుకో ఈ వారం విన్నవించుకుంటాను.

పూర్వం ఎంత అవస్థ! పరిశోధన చేయాలంటే బస్సెక్కి ఆఫీసుకు వెళ్ళాలి. పొడవాటి బల్ల ముందు కూర్చోవాలి. అక్కడ నడుముకు తాళాల గుత్తి వేలాడదీసుకుని తిరిగే ఒకాయన ఉండేవారు. ఏ ఏడాది, ఏ వ్యవహారం అని రెండు ముక్కలు చెబితే చాలు, పది నిమిషాల్లో కట్ట తెచ్చి బల్ల మీద పెట్టి, "దుమ్ము ఉంటుంది, జాగ్రత్త" అని వెళ్ళిపోయేవారు. పది నిమిషాలు! పరిశోధకుడన్నవాడు కాస్త ఆలోచించుకోవద్దా? ఇంత తొందర చదువుకున్నవాళ్ళకు మంచిదేనా?

ఇప్పుడు ఆ బాధ లేదు. ఇంట్లో కూర్చుని పోర్టల్ తెరవొచ్చు. ముందుగా మనం రోబో కాదని రుజువు చేసుకోవాలి. తొమ్మిది బొమ్మలు చూపించి, సైకిళ్ళున్నవాటిని ఎంచుకోమంటుంది. ఇన్నేళ్ళ జీవితంలో నువ్వు మనిషివేనా అని నన్ను ఇంత సూటిగా అడిగినవాళ్ళు లేరు, మా ఆవిడతో సహా. రెండుసార్లు తప్పాను. మూడోసారి మనిషినేనని ఒప్పుకుంది. ఆ సంతోషం పొడవాటి బల్ల దగ్గర దొరికేదా?

లోపలికి వెళ్ళాక కొన్ని పేజీలు తలకిందులుగా ఉంటాయి. మెడకు మంచి వ్యాయామం. కొన్ని సగమే ఉంటాయి. మా పక్కింటి లెక్చరరు గారు ఒకానొక పాత వరద మీద వ్యాసం రాస్తున్నారు. ఒక కుటుంబం ఇంట్లోకి గడప దాటి నీళ్ళొచ్చినట్టు ఒక పేజీలో ఉంది. తర్వాతి పేజీ సగమే స్కాన్ అయింది. వాళ్ళు డాబా ఎక్కారో లేదో ఆరు నెలలుగా ఆయనకు తెలియదు. పూర్వమైతే పేజీ తిప్పి చూసి మర్చిపోయేవారు. ఇప్పుడు రోజూ అన్నం ముందు కూర్చుని వాళ్ళ గురించే ఆలోచిస్తున్నారు. చరిత్ర మీద ఇంత మమకారం ఇంకెలా కలుగుతుంది చెప్పండి?

ఇక్కడ మా పెద్దమ్మ సంగతి చెప్పాలి. మా అమ్మకు అక్క. ముప్పై నాలుగేళ్ళు చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పి రిటైరయింది. ఇప్పుడు డెబ్బై తొమ్మిదేళ్ళు. నా కాలమ్ ప్రతి వారం చదువుతుంది, ఎర్ర పెన్ను పట్టుకుని.

ఆవిడ మొదటి శిష్యురాలు వాళ్ళమ్మ, అంటే మా అమ్మమ్మ. అమ్మమ్మ గోనెసంచుల మిల్లులో పనిచేసేది. చదువు లేదు. పెద్దమ్మ ఏడేళ్ళప్పుడు, తాను బళ్ళో నేర్చుకున్నది నేర్చుకున్నట్టే సాయంత్రం పలక ముందేసుకుని వాళ్ళమ్మకు పేరు రాయడం నేర్పింది. మూడక్షరాల పేరు. చివరి అక్షరం కింద ఒక వత్తు. అక్షరాలు తొందరగానే వచ్చాయి. వత్తు మాత్రం ఒక పట్టాన కుదిరేది కాదట. అక్షరానికి అంటుకోకుండా కిందెక్కడో పడేదట.

ఆ ఏడే మిల్లులో ఆడవాళ్ళు ముప్పై ఒక్కమంది కలిసి, పనిచేసే షెడ్డు దగ్గర నీళ్ళ కుళాయి వేయించమని మేనేజరుకు అర్జీ పెట్టారు. ముప్పైమంది వేలిముద్ర వేశారు. అమ్మమ్మ ఒక్కతే సంతకం చేసింది. ఆ సాయంత్రం ఇంటికి రాగానే కూతురు అడిగింది, "వత్తు పెట్టావా అమ్మా?" అని.

"పెట్టాననే అనుకుంటున్నానే" అందట అమ్మమ్మ.

డెబ్బై రెండేళ్ళుగా పెద్దమ్మకు ఆ సందేహం తీరలేదు. మిల్లు మూతపడింది. దాని కాగితాలు రికార్డుల ఆఫీసుకు చేరాయి. అమ్మమ్మ పోయి చాలా కాలమైంది. ఆవిడ చేతిరాత మా ఇంట్లో ఎక్కడా లేదు. పలక మీద రాసినవన్నీ ఏ రోజుకారోజు తుడిచేసినవే.

"ఆ అర్జీ ఒక్కసారి చూడాలిరా. పెట్టిందో లేదో" అంది పెద్దమ్మ.

అదెంత పని అని పోర్టల్ తెరిచాను. 'నీళ్ళు' అని కొట్టాను. ఏమీ లేదు. 'కుళాయి' అన్నాను. అదీ లేదు. మూడు రోజుల తర్వాత తెలిసిందేమిటంటే, పాత రాతను ఒక యంత్రం తనంతట తానే చదివి అచ్చక్షరాల్లోకి మారుస్తుందట. కుళాయి దానికి అసలు కనబడలేదు. 'నీళ్ళు' అన్నదాన్ని 'వీళ్ళు' అని చదివింది. ఆ లెక్కన ముప్పై ఒక్కమంది ఆడవాళ్ళు "మాకు వీళ్ళు కావాలి" అని మేనేజరుకు అర్జీ పెట్టుకున్నారు. ఎవరు కావాలో రాయలేదు. ముందుముందు ఎవరైనా దీనిమీద డాక్టరేటు చేస్తారు. యంత్రం సాయం లేకపోతే ఇలాంటి కొత్త కోణాలు ఎక్కడి నుంచి వస్తాయి?

'వీళ్ళు' అని కొడితే పేజీ తెరుచుకుంది. వరుసగా వేలిముద్రలు. చివరికి వచ్చాం. అమ్మమ్మ సంతకం ఉండవలసిన చోట ఒక బొటనవేలు ఉంది. వేలిముద్ర కాదు సుమా, వేలు. లావుపాటిది, గులాబిరంగు రబ్బరు తొడుగు వేసుకున్నది. స్కాన్ చేసేటప్పుడు కాగితం కదలకుండా ఆపరేటరు నొక్కి పట్టుకున్న వేలు.

ఆపరేటరును నేను ఒక్క మాట అనను. ఆయన రోజుకు పన్నెండు వందల పేజీలు చేయాలట. తగ్గితే మర్నాడు రానక్కర్లేదట. వేలు తీసే తీరిక ఎక్కడిది? పైగా చరిత్ర గురించి మాట్లాడేవాళ్ళమే అందరమూ, చరిత్రలో నిజంగా వేలు పెట్టినవాళ్ళు ఎంతమంది? పోర్టల్‌లో లక్షా నలభై వేల పేజీలున్నాయని ప్రకటించారు. అందులో ఇలాంటి వేలు ఎన్నో నేను లెక్కపెట్టలేదు.

పేజీ పక్కన వివరాల పట్టిక ఉంది. "అర్జీదారులు 31. వేలిముద్రలు 31. సంతకాలు లేవు. చివరి వేలిముద్ర కింద చిన్న సిరా మరక." పట్టిక రాసినాయన తప్పేముంది? కళ్ళెదుట అంత వేలు కనబడుతుంటే వేలిముద్ర అనక ఏమంటాడు? ఆ ముప్పై ఒక్కమందిలో పేరు రాయడం వచ్చిన ఒకే ఒక్క మనిషి, ఆ విధంగా, డెబ్బై రెండేళ్ళ తర్వాత నిరక్షరాస్యురాలైంది.

పెద్దమ్మ కళ్ళద్దాలు సర్దుకుని తెర దగ్గరికి వంగింది. పెద్దది చేయమంది. ఇంకా చేయమంది. చాలాసేపు చూసింది.

"అది మరక కాదురా. వత్తు" అంది. "కిందికి పోయింది. అంత కిందికి వద్దమ్మా అని ఎన్నిసార్లు చెప్పానో."

నిజమే. సరిగ్గా పెట్టి ఉంటే అది కూడా వేలి కింద పడిపోయేది. తప్పుగా పెట్టింది కాబట్టి మిగిలింది. ఇలాంటివి ఈ కాలమ్‌లో రాయకూడదు. అయినా రాస్తున్నాను.

మర్నాడు ఇద్దరం రికార్డుల ఆఫీసుకు వెళ్ళాం. పొడవాటి బల్ల లేదు. దాని స్థానంలో గాజు కౌంటరు వచ్చింది. తాళాలాయన ఉన్నారు, నడుముకు గుత్తి లేదు. ఇప్పుడు స్కానరు అద్దం తుడుస్తున్నారు. కౌంటరులో గుమాస్తా చాలా మర్యాదస్తుడు.

"డిజిటైజ్ అయిన కాగితం బయటికి తీయమండి. ఆన్‌లైన్‌లో ఉంది కదా" అన్నాడు.

"ఆన్‌లైన్‌లో మీ వేలుంది బాబూ" అంది పెద్దమ్మ.

"అయితే సవరణ ఫారం ఇవ్వండి. దానికి స్పష్టంగా ఉన్న కాపీ ఒకటి జతచేయాలి."

స్పష్టంగా ఉన్న కాపీ ఆయన వెనక, తలుపుకు అవతల, పది అడుగుల దూరంలో ఉంది. తాళాలాయన తుడవడం ఆపి ఆ తలుపు వైపు చూశారు. "మూడో బీరువా, కింది అర" అన్నారు, ఎవరితోనూ కాకుండా. మళ్ళీ తుడవసాగారు.

అప్పుడు నాకు ఆ ఏర్పాటులోని గొప్పతనం పూర్తిగా బోధపడింది. ఆ గదిలోకి కూతురు వెళ్ళకూడదు. పరిశోధకుడు వెళ్ళకూడదు. ఏ కట్ట ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగల మనిషి కూడా వెళ్ళకూడదు. వెళ్ళగలిగినవి చెదపురుగులు మాత్రమే. వాటికి లాగిన్ అక్కర్లేదు. సైకిల్ బొమ్మలు గుర్తుపట్టక్కర్లేదు.

పెద్దమ్మ ఫారం తీసుకుంది. 'కోరిన సవరణ' అన్న గడిలో బడిపిల్లలకు రాసి చూపించే గుండ్రటి అక్షరాలతో రెండే మాటలు రాసింది: వేలు తీయండి. ఆ తర్వాత కింద సంతకం చేసింది. ఆవిడ పేరులోనూ ఒక వత్తుంది. దాన్ని అక్షరానికి ఎంతో దూరంగా, కాగితం అట్టడుగుకు దించి వేసింది. ముప్పై నాలుగేళ్ళు ఏ పిల్లవాడూ అలా వేయకుండా కాపలా కాసిన మనిషి.

గుమాస్తా ఫారం చూసి నవ్వాడు. "టీచరు గారై ఉండి, వత్తు ఇంత కిందికి పెట్టారేంటండీ?"

"దీన్ని కూడా స్కాన్ చేస్తారుగా బాబూ" అంది పెద్దమ్మ.